కింది వరస

"ఎనిమిది వందల కచేరీలు, మూడు బంగారు పతకాలు, ఒక్క అపశ్రుతి లేదు" అని వచ్చినవాళ్లందరికీ అప్పజెప్పే స్టీల్ గిటారు మాస్టారు, వారం రోజులుగా ఆ ఊసే ఎత్తడం లేదు. బల్లలా కాళ్ల మీద నిలబడే ఆ గిటారుకి సన్న తీగలు నాలుగు విప్పేసి లావు తీగలు ఎక్కించాడు. కాలి కింది పెడల్ తొక్కితే తీగ బిగిసి స్వరం పెరుగుతుంది; లావు తీగకు అది ఆగాల్సిన చోట ఆగదు. అందుకని గిటారు కింద దూరి, మర బిగిస్తూ, వింటూ, మళ్లీ సడలిస్తూ కూర్చున్నాడు. ఇదంతా భార్య కోసమే. ముప్పై ఏళ్లు ఆయన పక్కన మామూలు గిటారు మీద కింది స్వరాలు వాయించిన మనిషి, కీళ్లు బిగుసుకుపోయి ఇప్పుడు గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటోంది. ఆ కింది వరస ఒక్కసారి ఇంట్లో మోగితే చాలునని ఆయన ఆశ.

మొదటిసారి వాయించగానే ఆమె వంటింట్లోంచి, "నాది నడిచేదండీ. మీరు దాన్ని జారుడుబల్ల ఎక్కించారు" అంది. నిజమే. ఉక్కు కడ్డీని తీగ మీద జార్చడంలోనే ఆయనకు పేరొచ్చింది. ఆ చేతిని అదుపులో పెట్టుకుని, స్వరం స్వరానికీ కడ్డీ ఎత్తి పెడుతూ, ఇవాళ ఒక్క జారూ లేకుండా వాయించాడు. ఆమె ఎదురుగా కూర్చుని చివరిదాకా వింది.

"అంతా నాదే. చరణం చివర మాత్రం తొందరపడ్డారు. అక్కడ నేను కాస్త ఆగేదాన్ని."

"ఎందుకూ?"

"మీరు పైనుంచి జారుకుంటూ దిగి రావాలిగా."

మాస్టారు మళ్లీ మొదలుపెట్టాడు. చరణం చివర కడ్డీ ఎత్తి పట్టుకుని, పై వరస వాయించేవాళ్లెవరూ లేకపోయినా, ఆమె ఆగినంతసేపూ ఆగాడు.