అక్క కోసం తీసుకున్న వీఐపీ టేబుల్

మొన్న మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని ఒక ప్రశ్న వేసింది. యూనివర్సిటీలో దాని ఫ్రెండ్ పుట్టినరోజుకి నైట్‌క్లబ్‌లో వీఐపీ టేబుల్ బుక్ చేస్తున్నారట, తలా ఇంత వేసుకోవాలట. "ఈజ్ ఇట్ ఈవెన్ వర్త్ ఇట్, అమ్మా?" అంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, నోటి నుంచి మాత్రం అమ్మా అన్న ఒక్క మాటే తెలుగులో వస్తుంది. మామూలుగా అయితే నేను ఠక్కున దండగ అనేదాన్ని, ముందు ఆ ఫ్రిజ్ తలుపు వెయ్యమని కసిరేదాన్ని. ఆ రోజు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేనూ ఒకసారి ఆ టేబుల్ తీసుకున్నానని దానికి తెలియదు.

అప్పట్లో సిడ్నీలో మాస్టర్స్ చేస్తున్నాను. ఊరి శివార్లలో టూంగాబీ అనే చోట ఒక పాత ఇంట్లో నలుగురు అమ్మాయిలం ఉండేవాళ్ళం. అందరిలోకీ పెద్దదాన్ని అక్క అని పిలిచేవాళ్ళం. బాపట్ల వైపు మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడి పొట్టిదైపోయింది. నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగి మళ్ళీ లేచేది. ఆ కాలు గురించి ఎవరైనా జాలిగా మాట్లాడబోతే మాత్రం ఒక్క చూపుతో నోరు మూయించేది. ఊళ్ళో వాళ్ళ చర్చిలో పాటలకి డోలక్ వాయించేదట. ఇక్కడ ఆదివారం వెళ్ళే చర్చిలో పియానో తప్ప ఇంకేమీ లేదని ఆమె బెంగ. పప్పు ఉడికేలోపు స్టీలు డబ్బా మూత మీద వేళ్ళతో వాయిస్తూ ఉండేది. పక్క గదిలో పుస్తకం ముందేసుకుని నేను చిరాకు పడేదాన్ని. ఇప్పుడా చప్పుడు వినాలనిపిస్తుంది.

క్లబ్బుకి వెళ్దామని మొదట అడిగింది కూడా అక్కే. మందు ముట్టదు, డాన్సు చెయ్యదు. "ఆ సౌండు గుండెల్లో మోగుద్దంట కదే. ఒక్కసారి వినాలి నాకు," అంది.

పరీక్షలయ్యాక ఒక శనివారం సాయంత్రం నలుగురం ముస్తాబై వెళ్ళాం. గంటసేపు క్యూ. అంతసేపు నిలబడేసరికి అక్క కాలు మొరాయించింది. గేటు ముందు రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు మీదే తూలింది. అక్కడున్న బౌన్సర్ చెయ్యి అడ్డం పెట్టి, ఈవిడ ఇప్పటికే బాగా తాగింది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు.

అక్క మెట్టు దిగేసింది. కాలు చూపించుకుని లోపలికి వెళ్ళే రకం కాదు. నేను సరిగ్గా ఆమె వెనకే ఉన్నాను. ఆమె తాగలేదు, కాలు బాగాలేదు అని నేను చెప్పొచ్చు. ఎదురు చెబితే మమ్మల్నందరినీ పంపేస్తాడేమోనని నాకు భయమేసింది. "మీరెళ్ళండే. నేను ట్రైన్ ఎక్కేస్తాలే," అంది అక్క. మేం లోపలికి వెళ్ళాం. గంట నిలబడ్డాం కదా అనుకుంటూ వెళ్ళాం. ఆ రోజు నేను సరదాగా డాన్సు కూడా చేశాను. ఆ సంగతి దాచిపెట్టేటట్టయితే ఇదంతా రాయడం దేనికి?

మర్నాడు పొద్దున్న అక్క అందరికీ ఉప్మా చేసి పెట్టి, సౌండు ఎలా ఉందే అని అడిగింది. బాగుందన్నాను. తర్వాత ఎప్పుడు బయటికి రమ్మన్నా ఆమెకి అసైన్‌మెంట్ ఉండేది.

కొన్ని నెలలకి అక్కకి అడిలైడ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంకో వారంలో వెళ్ళిపోతుంది. ఆ సౌండు వినకుండా వెళ్ళిపోతుందనీ, దానికి కారణం నేనేననీ నాకు ఒకటే గుబులు. వీఐపీ టేబుల్ తీసుకుంటే క్యూ ఉండదు, కూర్చోవడానికి సోఫా ఉంటుంది అని ఎవరో చెప్పారు. అదే క్లబ్బుకి ఫోన్ చేశాను. అంతకుముందు నెల రోజుల పాటు శనాదివారాలు పెట్రోల్ బంకులో నిలబడి సంపాదించిందంతా అడ్వాన్సుకే పోయింది. మిగతా ఇద్దరూ నాకు పిచ్చి పట్టిందన్నారు. అయినా తలా కొంత వేశారు. అక్కకి మాత్రం నీ ఫేర్‌వెల్ పార్టీ, నోరెత్తకుండా రా అని చెప్పాం.

క్లబ్బులో టేబుల్స్ బుకింగ్ చూసే అమ్మాయికి అక్క సంగతి ఫోన్లోనే చెప్పాను. మేం వెళ్ళేసరికి ఆ అమ్మాయి బయటే నిలబడి ఉంది. గేటు దగ్గర కొత్త బౌన్సర్. అక్క నడక చూసి అతనూ ముఖం చిట్లించాడు. ఆ అమ్మాయి అతనితో, ఆమెకి కాలు బాగాలేదు, తాగదు, నా గెస్టు అంది. అంతే. అతను సారీ చెప్పి, అడ్డంగా కట్టిన తాడు తీసి, మెట్లెక్కడానికి తన చెయ్యి అందించాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, ఇంకోసారి ఇందుకోసం టేబుల్ తీసుకోనక్కర్లేదు, గేటు దగ్గర ఒక మాట చెప్తే చాలు అంది. పాపం, నా డబ్బులు మిగల్చాలనే చెప్పింది. నాకు తల తీసేసినట్టయింది.

లోపల ఆరుగురు పట్టే సోఫా మా నలుగురిదే. టేబుల్‌తో పాటు ఇచ్చే మందు సీసా మీద చిచ్చుబుడ్డిలాంటిది వెలిగించి తెచ్చారు. బర్త్‌డే కొవ్వొత్తి అనుకుని అక్క వంగి ఊదింది, అది ఎంతకీ ఆరదు. గ్లాసుల్లో పోసే అమ్మాయి పక్కనే నిలబడి ఉంటే అక్కకి మొహమాటం. అన్నం తిన్నావా అని ఇంగ్లీషులో అడిగింది. తర్వాత పాట మారి డ్రమ్స్ గట్టిగా మొదలయ్యాయి. అక్క గుండె మీద అరచెయ్యి పెట్టుకుని నా చెవిలో, "ఒసేయ్, మోగుతోందే," అంది. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. ఇక రెండు చేతులతో టేబుల్ మీద వాయించడం మొదలుపెట్టింది.

కాసేపటికి మా సోఫా చుట్టూ కట్టిన తాడుకి అవతల ఇద్దరు అమ్మాయిలు హీల్స్ విప్పి చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. అక్క వాళ్ళని చూసి చెయ్యూపి రమ్మంది. రిస్ట్‌బ్యాండ్ ఉన్నవాళ్ళే కూర్చోవాలని అక్కడున్నతను అడ్డొచ్చాడు. "సీట్స్ ఖాళీ, దెయిర్ లెగ్స్ పెయినింగ్, దే ఆర్ మై గెస్ట్స్," అంది అక్క, ఇంకో మాటకి తావులేకుండా. వాళ్ళు వచ్చి కూర్చుని మడమలు రుద్దుకుని, మా టేబుల్ మీద పెట్టిన పుచ్చకాయ ముక్కలు తిని వెళ్ళారు. వాళ్ళ తర్వాత ఇంకో ఇద్దరు. పెళ్ళి భోజనాల్లో ఖాళీ విస్తరి చూసి పిలిచి కూర్చోబెట్టినట్టే ఆ రోజు ఎంతమందిని కూర్చోబెట్టిందో. మా వాటాకి మిగిలింది ముప్పాతిక సీసా. దాన్ని ఇంటికి తీసుకెళ్ళకూడదంటే మాలో ఒకతి హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీసి మళ్ళీ వేసుకుంది.

మా అమ్మాయి అడిగినదానికి నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే. ఊరికే చెప్పగలిగిన మాట చెప్పాల్సిన రోజు చెప్పలేదు, అందుకని నెల జీతం పోసి వేరే అమ్మాయి చేత చెప్పించాను.

ఆఖరి ట్రైన్ల వేళకి ముందే బయటపడ్డాం. మిగతా ఇద్దరూ టికెట్లు కొంటుంటే అక్కా నేనూ ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చున్నాం. ఇంక ఉండబట్టలేక, "అక్కా, ఆ రోజు నేను వాడితో చెప్పాల్సింది," అన్నాను. పోన్లేవే అంటుందనుకున్నాను. అందుకే చెప్పానేమో కూడా.

"చెప్పాల్సిందే," అంది. "ఆ రోజు ఈ బెంచీలోనే కూర్చున్నా. రెండు ట్రైన్లు వదిలేశా, నువ్వు వెనకాలే వస్తావేమోనని."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఊరుకోమని అనలేదు. మిగతా ఇద్దరూ వచ్చి ఏమైందని అడిగారు, ఏం లేదంది. టూంగాబీ వెళ్ళే ట్రైన్ వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. నేను ముక్కు తుడుచుకుంటూ లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని లాగి మళ్ళీ కూర్చోబెట్టింది.

"తర్వాతది ఎక్కుదాంలే," అంది. ఆ ట్రైన్ వెళ్ళిపోయింది. ఆమె వేళ్ళు నా చేతి మీద మెల్లగా వాయిస్తూనే ఉన్నాయి.