గదికో మగ్గు నీళ్లు

సౌదీలోని తాయిఫ్‌లో మూతపడ్డ హోటల్‌కి కాపలా ఉండే కాక పోయాడని అక్కడి కిరాణా కొట్టతను ఫోన్ చేశాడు. ఆరో అంతస్తు మెట్ల మీద కనిపించాడట, పక్కనే సగం నీళ్లున్న బకెట్. జిద్దా ఆఫీసులో ఉన్న నేను "ఏ పూట?" అని అడిగాను. అది తెలుసుకుని నేను చేసేదేమీ లేదు.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది నిజామాబాద్ దగ్గర పల్లె, మాది కాకినాడ. అక్కడి తెలుగువాళ్లంతా కాకా అనేవారు, నేనూ అన్నాను. మీలో తాయిఫ్ కొండ ఎక్కినవాళ్లు ఆ పదకొండు అంతస్తుల బిల్డింగును చూసే ఉంటారు. ఒకప్పుడు వేసవిలో గది దొరికేది కాదట. యజమాని చనిపోయాక వారసులు ముగ్గురికీ పొత్తు కుదరలేదు. కూల్చాలని ఒకరు, బాగుచేసి తెరవాలని ఒకరు, అమ్మేద్దామని ఇంకొకరు. కాకకు కఫీల్, అంటే వీసాకు పూచీ ఉన్నవాడు, కూడా ఆ యజమానే. ఊరికి పోవాలంటే ఎగ్జిట్ కాగితం మీద ఇప్పుడు వారసులు సంతకం పెట్టాలి. ఎవరినడిగినా "ముందు బిల్డింగు సంగతి తేలనీ" అనేవారు. అలా తొమ్మిదేళ్లు.

బిల్డింగు గట్టిదో కాదో చూసి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. కంపు కొడుతుందని ముక్కుకు రుమాలు కట్టుకుని మరీ వెళ్లాను. కాక నన్ను చూసి నవ్వాడు.

"రుమాల్ జేబుల వెట్టుకో సారూ. బాత్రూం జాలీల నీళ్లెండితె మోరీ వాసన పైకొస్తది. నేను వారానికోపారి గదికో మగ్గు నీళ్లు పోస్త."

లిఫ్టు లేదు. పనిచేసే నల్లా కింద ఒక్కటే. అక్కణ్ణుంచి బకెట్ మోసుకుంటూ ఎక్కి, ప్రతి గదిలో కిటికీ తెరిచి, నీళ్లు పోసి, మళ్లీ మూసేవాడు. చెయ్యమన్నవాళ్లు లేరు. అడిగితే "అప్పజెప్పేటప్పుడు ఇజ్జత్‌తోని అప్పజెప్పాలె" అన్నాడు. ఎవరికి అప్పజెప్పాలో ఆయనకూ తెలియదు.

ఊళ్లో ఇల్లు కట్టించుకున్నాడు, అంతా ఫోన్‌లోనే. కాలింగ్ కార్డు గీకి భార్యను "పొద్దుగాల ఎండ ఏ కిటికీలకెల్లి వస్తున్నది?" అని అడగడం విన్నాను. ఆవిడ పోయినసారీ చెప్పే ఉంటుంది.

రిపోర్టు రాశాను. అంత మనసుపెట్టి ఏ రిపోర్టూ రాయలేదు. బిల్డింగు ఇంత బాగుందంటే ఈ ఒక్క మనిషి వల్లేనని, ఈయన లేకపోతే పాడైపోతుందని ప్రత్యేకంగా ఒక పేరా పెట్టాను. మంచిమాట రాస్తే మెచ్చుకుని ఊరికి పంపిస్తారని నా తెలివి. కాకకు చదివి వినిపిస్తే "గట్ల రాసినవా? అయితె ఇడుస్తరు సారూ" అని నాకు సులేమానీ చాయ్ పోశాడు.

నెల తర్వాత ఎగ్జిట్ సంగతి అడగడానికి వారసుల మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా రిపోర్టే నా ముందు పెట్టాడు.

"ఈ మనిషి లేకపోతే పాడైపోతుందని రాసింది మీరే కదా. ఏదో ఒకటి తేలేదాకా ఎలా వదలమంటారు?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అది ఎవరైనా చేయగల పనేనని ఉత్తరం రాశాను. ఫ్యాక్స్ చేశాను. మళ్లీ రాశాను. జవాబు రాలేదు.

కాకకు చివరికి చెప్పాను. "నువ్వు అబద్ధమైతె రాయలే గద" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"ఇక నీళ్లు పోయకు కాకా. కంపు కొట్టనీ, వాళ్లకే తెలుస్తుంది."

"ఆల్లు ఇడువకుంటె గదులేం జేసినయ్ సారూ" అని బకెట్ అందుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. పోయాక నాలుగు రోజుల్లో ముగ్గురు వారసులూ సంతకాలు పెట్టారు, శవాన్ని పంపే కాగితాల మీద. బిల్డింగు సంగతి ఇంకా తేలలేదు.

ఆయన సామాను ఇంటికి పంపుదామని మొన్న తాయిఫ్ వెళ్లాను. కొట్టతని దగ్గర తాళాలు తీసుకుని తలుపు తీయగానే కంపు ముఖాన కొట్టింది. రుమాలు తెచ్చుకోలేదు. ఆరో అంతస్తు మెట్ల మీద బకెట్ అలాగే ఉంది, ఎండిపోయి. కిందికి దిగి నింపుకొచ్చాను. దగ్గర్లోని గదిలో కిటికీ తెరిచి ఒక మగ్గు పోశాను. పక్క గదిలో ఒకటి, ఆ పక్క గదిలో ఒకటి. ఆ అంతస్తు సగమైనా కాకుండానే నీళ్లయిపోయాయి, నాకు ఆయాసం వచ్చింది. కాకకు నేను చేయగలిగింది అంతే.

రోడ్డు మీదికొచ్చి తలెత్తి చూశాను. అన్నీ మూసున్న ఆ గోడలో నేను వేయడం మరిచిపోయిన కిటికీ ఒకటి తెరుచుకుని ఉంది.