ఎలుగు కోసం కూర్చున్న మోకాళ్లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జీడిపిక్కలు రాలే వేసవి మొదట్లో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పశువైద్య శాఖ సహాయ సంచాలకుడిగా పనిచేస్తుండగా నాకు అటవీ శాఖ నుంచి కబురు వచ్చింది. మందస వైపు జీడితోటల్లో ఒక ఎలుగుబంటి కుంటుతూ తిరుగుతోంది. అడవిపందుల కోసం ఎవరో పన్నిన తీగ ఉచ్చు దాని ముందుకాలికి బిగుసుకుంది. నొప్పి మీదున్న ఎలుగు మనిషి కనబడితే మీదికి వస్తుంది. అప్పటికే ఒకరిని గోళ్లతో చీరింది. తోటల్లోకి ఎవరూ వెళ్లవద్దని దండోరా వేయించారు. రాలిన పిక్కలు రాలినట్టే పడివున్నాయి. మత్తు ఇచ్చి ఉచ్చు తీయకపోతే పుండు కుళ్లి అదైనా చావాలి, ఈలోగా దాని చేతిలో మనిషైనా పోవాలి.

మత్తు తుపాకీ వాడడంలో నాకు శిక్షణ ఉంది. ఇదీ వేటే, చంపడం ఒక్కటే ఉండదు. తూటాకు బదులు మందు నింపిన సూది వెళ్తుంది. జంతువు బరువును కంటితోనే అంచనా కట్టి మోతాదు నిర్ణయించాలి. సూది తగిలాక అది వెంటనే పడిపోదు, కొంత దూరం వెళ్లి పడుతుంది. చీకట్లో కొడితే ఎక్కడ పడిందో వెతుక్కోలేం. అందుకని, తోటల్లో మేసిన ఎలుగు పొద్దుపొడిచాక కొండకు తిరిగివెళ్లే దారిలో తాటాకు దడి కట్టించాం. వెలుతురు రాకముందే వెళ్లి దాని వెనక కూర్చోవాలి. ఎండెక్కే దాకా చూసి లేవాలి.

నా ఏర్పాట్లు చూసుకుని నాకే ముచ్చటేసింది. మడత కుర్చీ, నడుముకు దిండు, మెడకు గాలి దిండు, మోకాళ్లకు ఉన్ని పట్టీలు, ఫ్లాస్కు. కుర్రవాడైన రేంజి ఆఫీసరు ఆ సామానంతా చూసి, జీపులో తనకు చోటుంటుందా అని వినయంగానే అడిగాడు.

వేటకు కూర్చున్నవాడు శిలలా ఉండాలని నా అభిప్రాయం. శిలలాగే ఉన్నాను. కాలు మీద కాలు వేసుకుని, ఊపిరి కూడా పొదుపుగా వాడాను. వెలుతురు పరుచుకున్నాక ఎలుగు వచ్చింది. కుంటుకుంటూ సరిగ్గా మేం అనుకున్న దూరంలో ఆగి చెదలపుట్ట వాసన చూస్తోంది. దడిలోని కంతలో తుపాకీ ఆనించడానికి కాస్త లేచి ముందుకు వంగాలి. నేను లేచాను, ఎడమకాలు నాతో రాలేదు. కుర్చీ మడతపడింది. నేను దడి మీద పడ్డాను, దడి నేల మీద పడింది. ఎలుగు ఒక్కసారి గుర్రుమని కొండ వైపు పరుగెత్తింది. కుంటికాలితో అది పరుగెత్తగలిగింది, రెండు మంచి కాళ్లున్న నేను లేవలేకపోయాను. మత్తు ఇవ్వవలసింది ఎలుగుకి కదా సార్ అన్నాడు రేంజి ఆఫీసరు.

తోట యజమానురాలు నీలమ్మ ఇంటికి మాకంటే ముందే ఈ వార్త చేరింది. ఆమె గేదె అంతకుముందు ఏడాది ఈనిన తర్వాత కూలబడిపోతే వైద్యం చేసింది నేనే. టీ ఇస్తూ ఏమైందని అడిగింది. కాళ్లు తిమ్మిరెక్కాయని చెప్పాను. ఆమె నన్ను కాసేపు గేదెను చూసినట్టే చూసింది.

“మా గేదె పడిపోయినప్పుడు ఏటి సెప్పినావు డాట్రు బాబూ? కిందన గడ్డెయ్యండి, అటోపాలి ఇటోపాలి పక్క తిప్పండి, నేకపోతే కాళ్లు సచ్చుబడిపోతాయన్నావు. మరి నిన్నెవులు తిప్పుతారు?”

వాకిట్లో ఉన్నవాళ్లెవరూ నవ్వు దాచుకోలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. “పిక్కలన్నీ మట్టయిపోతన్నాయి బాబూ. రేపైనా తిన్నగా కూకో.”

బరువంతా ఒకే వైపు పడితే కింది కండకు రక్తం సరిగా అందదు, నరం నలుగుతుంది. సర్వీసంతా రైతులకు చెప్పిన మాట ఇది. ఆ శరీరశాస్త్రం నాలుగు కాళ్లవాటికే వర్తిస్తుందని నేను ఎందుకనుకున్నానో తెలియదు.

మర్నాడు నాకు నేనే గేదె వైద్యం చేసుకున్నాను. కుర్చీ మానేసి, గోనెసంచిలో గడ్డి కూరి, తుంట్లు మోకాళ్లకంటే కాస్త ఎత్తులో ఉండేలా దాని మీద కూర్చున్నాను. జీడి ఎండుటాకు అప్పడంలా చప్పుడు చేస్తుంది కనుక పాదాల చుట్టూ ముందే ఊడ్పించాను. గాలికి చెట్లు కదిలినప్పుడల్లా నేనూ కదిలాను. బరువు ఒక తుంటి మీంచి ఇంకో తుంటి మీదికి మార్చడం, బూట్లలోనే వేళ్లు ముడిచి విప్పడం, మడమలు ఎత్తి దించడం, మెడ మెల్లగా తిప్పడం. తిమ్మిరి మొదలయ్యాక కాదు, మొదలవకముందే. ఆ పొద్దు ఎలుగు రాలేదు. ఎండెక్కాక నేను ఎవరి సాయమూ లేకుండా లేచినందుకు అటవీ గార్డులు మెచ్చుకున్నారు.

ఆ మర్నాడు వచ్చింది. లేచాను, కాళ్లు రెండూ వచ్చాయి. సూది తొడకు తగిలింది. ఎలుగు కొంచెం దూరం వెళ్లి జీడిచెట్టు కింద పడిపోయింది. కళ్లకు గుడ్డ కట్టి, నాలుక ఊపిరికి అడ్డం పడకుండా తల సర్ది, పక్కన గొంతుక్కూర్చున్నాను. తీగ మాంసంలోకి దిగిపోయింది. కత్తిరించి, పుండు కడిగి, మందు వేసి, ఊపిరి లెక్కపెడుతూ ఉండిపోయాను. చివర మత్తు విరుగుడు ఇచ్చి, అందరినీ జీపులోకి వెళ్లమన్నాను. అందరూ వెళ్లారు. నేను లేవబోయాను. కాళ్లు రెండూ లేవు.

ఎలుగు చెవి కదిలింది. ఇద్దరు గార్డులు వెనక్కి పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి, గొంతుక్కూర్చున్న భంగిమలోనే నన్ను మోసుకెళ్లి జీపులో పెట్టారు. కాసేపటికి ఎలుగు తూలుతూ లేచి నిలబడింది, వాసన చూసింది, కాలు నేలకు ఆనించి కొండ వైపు నడిచింది. అప్పటికి నాకు ఒక కాలి వేళ్లు మాత్రమే తెలుస్తున్నాయి. రెండు రోజుల తర్వాత నీలమ్మ వాళ్లు పిక్కలు ఏరడానికి తోటలోకి వెళ్లారు.

కాచుకుని ఉన్నంతసేపూ మనిషికి తన ఒళ్లు గుర్తుంటుంది. పని చేతికి వచ్చాకే దాన్ని మరిచిపోతాడు. ఆ తర్వాత మత్తు ఇవ్వడానికి వెళ్లిన ప్రతిసారీ జంతువు ఊపిరి చూడడానికి ఒకరిని, నన్ను లేపి నిలబెట్టడానికి మరొకరిని నియమించుకున్నాను. రెండో పనికే ఎక్కువ మంది ముందుకొచ్చేవారు.