చిన్నాన్న వాటా

జింకను చంపడం నాకు ఏనాడూ ఇష్టం లేదు. తినడం మాత్రం ఇష్టమే. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడానికి కొందరు సిగ్గుపడతారు. నేను పడను. మా ఇంట్లో పుట్టినవాళ్లు ఎవరూ పడరు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. నాన్న అదే రేవులో క్రేను నడిపాడు, చిన్నాన్న లారీ నడిపాడు. ఏడాది పొడుగునా తుప్పూ డీజిలూ పీల్చిన మనుషులకి చలికాలంలో నాలుగు రోజులు అడవిగాలి కావాలి. వేట అనేది ఆ గాలికి వాళ్లు పెట్టుకున్న పేరు.

తామ్వే పేటలో నాన్నకి ఒక బర్మా స్నేహితుడు ఉండేవాడు. నాన్న, చిన్నాన్న ఆయన్ని కోజీ అనేవారు, పెద్దన్న అని. విని విని నేనూ అలాగే పిలిచేదాన్ని. పాత జీపు ఆయనది. వరికోతలు అయ్యాక అందరం అందులో ఇరుక్కుని బగో పట్నం దాటి, కొండల కింద ఉన్న ఒక కరెన్ తెగవాళ్ల ఊరికి పోయేవాళ్లం. అక్కడ గుంజల మీద కట్టిన ఇల్లూ, మినప చేనూ, రెండు కుక్కలూ ఉన్న ఒకాయన నాన్నకి పాత నేస్తం. ఆయన్ని నేను ఊలే అనేదాన్ని, అంటే బర్మా మాటలో చిన్నాన్నే. వంటకి అమ్మ, అమ్మకి చేతి సాయంగా నేను. మా పిన్ని మాత్రం ఎప్పుడూ రాలేదు. జీపు ఎక్కితే చాలు, మూడో వీధి దాటకముందే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. పిల్లలు కూడా లేరు. చిమిండైంగ్ పేటలో తన ఇంట్లో ఒక్కతే కూర్చుని చిన్నాన్న కోసమూ మాంసం కోసమూ ఎదురుచూసేది. ఈ రెండింటిలో ఏది ముందని చిన్నాన్న ఏడిపిస్తే, "మాంసఁవే. మీరు రోజూ వొస్తారు గదా" అనేది.

మేం ఎక్కువగా కొట్టింది కొండగొర్రెల్ని. పేరుకి గొర్రె గానీ అది చిన్న జాతి జింక, భయపడితే కుక్కలా మొరుగుతుంది. చిన్నాన్న ఒక ఆకు మడిచి పెదాల మధ్య పెట్టుకుని, తప్పిపోయిన పిల్ల ఏడ్చినట్టు ఊదేవాడు. పొదల వెనకనుంచి తల్లి వచ్చేసేది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. "కడుపుతీపిని మోసం చేసి తింటున్నావు, నీకు అరగదు" అన్నానొకసారి. చిన్నాన్న నవ్వి, "అరక్కపోతే వాఁవు నీళ్లు తాగుతాను, నువ్వు మాట్టాడకు, అది ఎల్లిపోద్ది" అన్నాడు. అతని మీద కోపం ఎంతోసేపు నిలిచేది కాదు. అదొక బాధ.

అసలు సంగతి వాటాలది. జింకను కోశాక మాంసాన్ని టేకాకుల మీద కుప్పలుగా పెట్టేవారు. ప్రతి కుప్పలోనూ కండ, ఎముక, కాస్త కార్జం. కుప్పలన్నీ సమానమే అని అందరూ అనేవారు, కాదని అందరికీ తెలుసు. అందుకే ఆ రోజు తుపాకీ గానీ కత్తి గానీ పట్టని మనిషిని ఒకర్ని కుప్పలకి వీపు పెట్టి కూర్చోబెట్టేవారు. ఆ మనిషిని నేనే. నాన్న ఒక కుప్ప మీద పుల్ల పెట్టి "ఇదెవుడిది?" అనేవాడు. నేను చూడకుండా ఒకరి పేరు చెప్పాలి. చెప్పిన వాటా ఇక మారదు. కుక్కలకొకటి, పలికిన మనిషికి చివర చిన్నదొకటి.

రాలేనివాడికి కూడా వాటా ఉండేది. ఒక ఏడాది చిన్నాన్న కామెర్లతో మంచం పట్టాడు. అతని కుప్పని కూడా పలికి, ఆకులో చుట్టి, వెదురు పేడుతో కట్టి పిన్నికి ఇచ్చాం. బతికున్నంతకాలం మనిషి వాటా ఆగదు. పోయాక వచ్చే వేట నుంచి మాత్రం కుప్ప పెట్టరు, పేరు పలకరు. ఇది మా వాళ్ల పద్ధతో, కరెన్ వాళ్ల పద్ధతో నాకు తెలియదు. నాన్న మాదే అనేవాడు, ఊలే తమదే అనేవాడు.

ఆ ఆగడం ఎలా ఉంటుందో మొదట కోజీ విషయంలో చూశాం. ఆయన గుండెపోటుతో పోయిన ఏడాది జీపు లేదు, బస్సు మీద వెళ్లాం. తిరిగొచ్చాక పిన్ని అడిగింది, "కోజీ వోళ్లింటికి ఏటీ పంపనేదా అక్కా?" అని. అమ్మ చెప్పింది. "పోయినోడి పేరు కుప్పల కాడ పలక్కూడదే. పలికితే ఆడొచ్చి నిలబడతాడు, మరెల్లడు." మర్నాడు పిన్ని తన ఇంట్లో వండిన కూరలో సగం గిన్నెలో పెట్టుకుని తామ్వే బస్సెక్కింది. పాపం, దారిలో ఎన్నిసార్లు దిగిందో.

తర్వాత మిలిటరీ గద్దెనెక్కిన గొడవల ఏడాది వచ్చింది. ఒక సాయంత్రం టీ కొట్టు ముందు నుంచి చిన్నాన్నని తీసుకెళ్లారు. ఎవరు తీసుకెళ్లారో వీధంతా చూసింది, వీధిలో ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాన్న, పిన్ని అన్నం కారేజీ పట్టుకుని ఒక జైలు గేటు నుంచి ఇంకో జైలు గేటుకి తిరిగారు. ఇక్కడ లేడన్నారు. అక్కడా లేడన్నారు. ఒకచోట కారేజీ తీసుకున్నారు, అంటే లోపల ఉన్నట్టే. పిన్ని ఆ వారమంతా పండగలా తిరిగింది. వారం తర్వాత ఆ కారేజీ మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది. తుపాకులు అప్పజెప్పమన్నారు, నాన్న తనది అప్పజెప్పాడు. వేట ఆగిపోయింది. చలికాలాలు వచ్చాయి, వెళ్లాయి.

పిన్ని మాత్రం బొట్టు మానలేదు. మానడానికి కారణమేదీ ఎవరూ చెప్పలేదు. తద్దికీ నోముకీ ముత్తయిదువుల్లో కూర్చునేది, కొత్త గాజులు వేసుకునేది. వెనక చెవులు కొరుక్కునేవాళ్లు ఉండేవారు. వాళ్లకి నేను సమాధానం చెప్పేదాన్ని. నా నోటికి జడిసి ముందర మానేశారు, వెనక మానలేదు.

పోయిన చలికాలం దారుల్లో గొడవ కొన్నాళ్లు కాస్త సద్దుమణిగింది. ఊలే కబురంపాడు. కొండగొర్రెలు మినప చేనులోకి దిగి మేసేస్తున్నాయి, రమ్మని. నాన్నకి మోకాళ్లు పట్టేశాయి, అమ్మకి ఇంకా ఎక్కువ. అయినా నాన్న వెళ్తానన్నాడు. తోడుగా నేను. మిలిటరీలోకి పట్టుకుపోతారని వయసు మగపిల్లలు బస్సెక్కడం మానేసిన రోజులు, ముసలాయనా నడివయసు కూతురూ అయితే దారిలో ఎక్కువ అడగరు.

బయల్దేరే ముందురోజు పిన్ని వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, నాన్నతో ఎప్పుడూ పైకి మాట్లాడని మనిషి, సూటిగా చెప్పింది.

"బావగారూ, ఈయన వాటా సంగతి మర్సిపోకండి. వాటా వొస్తే ఆయన ఉన్నట్టు. రాకపోతే నేనట్టు. ఇన్నాళ్లూ ఎవులూ ఏటీ సెప్పనేదు నాకు. ఆ వాటా ఏటి సెప్తే అదే ఇంటాను."

నాన్న తలూపాడు. నాకు భయం వేసింది. కుప్పలకి వీపు పెట్టి కూర్చునేది నేను, పేరు పలకాల్సింది నేను. లేడని తెలిసేదాకా ఉన్నట్టే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పలుకుదామనే నిర్ణయించుకున్నాను.

బస్సు దిగి, ట్రాక్టరు ఇంజను పెట్టిన థోలాజీ బండి ఎక్కి, ఒళ్లు హూనం చేసుకుని ఊలే ఇంటికి చేరాం. ఆయనా ముసలివాడయ్యాడు. పాత కుక్కలు పోయాయి, వాటి పిల్లలు ఉన్నాయి. పొద్దున్నే కుక్కలు చేను గట్టున ఒక మగ కొండగొర్రెని తరిమాయి, ఊలే నాటు తుపాకీతో కొట్టాడు. వేట అంతే. ఎవరూ ఆకు ఊదలేదు, ఎవరూ నవ్వలేదు. నాన్న కూర్చుని కోశాడు. ఊలే టేకాకులు కోసుకొచ్చి పరిచాడు. నేను చేను వైపు తిరిగి కూర్చున్నాను.

"ఇదెవుడిది?"

"ఊలేది."

"ఇదెవుడిది?"

"నాన్నది."

"ఇది?"

"కుక్కలది."

చిన్నాన్న పేరు ముందే చెబితే మిగతావి పలకలేనేమో అని ఆఖరికి ఉంచాను. ఎప్పుడూ ఆఖరిది నాది. ఈసారి నా దాన్ని ముందుకి జరిపాను. నాన్న ఇంకోసారి "ఇది?" అన్నాడు. నాదన్నాను. ఇప్పుడు అడగాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ ఒక్క ప్రశ్న కోసం చూశాను. నాన్న అడగలేదు. కాసేపటికి కత్తిని గడ్డికేసి తుడుస్తున్న చప్పుడు వినిపించింది.

"చిన్నాన్నది" అన్నాను, అడక్కపోయినా.

"అయిపోనాయి అమ్మీ" అన్నాడు నాన్న.

తిరిగి చూశాను. నాలుగు ఆకులు, నాలుగు కుప్పలు. అయిదో ఆకు పరవనేలేదు. ఊలే లేచి కుక్కల్ని పిలుచుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు.

"జొరం వొచ్చినాదంట. లోపల మందు నేదంట" అన్నాడు నాన్న, కత్తి వైపే చూస్తూ. "కూడా ఉన్నోడొకడు బయటికొచ్చి నాకు సెప్పినాడు. వానల ముందర. ఆడి సేతుల్లోనే పోనాడంట."

నాన్న నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ జీవితమంతా ఎగతాళి చేసింది. అలాంటి మనిషి వానాకాలమంతా, తర్వాత పండగలన్నీ ఈ మాటని నోట్లో పెట్టుకుని మా మధ్య తిరిగాడు. నాకు జాలి కలగలేదు, ముందు కోపం వచ్చింది.

"పిన్నికెందుకు చెప్పలేదు?"

"ఎలా సెప్పాల? సూపించడానికి పీనుగు నేదు, బూడిద నేదు. ఎవుడో సెప్పిన మాట తీసుకెల్లి దాని బొట్టు సెరిపీమంటావా?"

"మరి ఇక్కడ ఎందుకు పెట్టలేదు కుప్ప? పెట్టి ఉంటే నేను పలికేదాన్ని."

"నాను పెట్టనేను. పోయినోడికి కుప్ప పెట్టడం నాకు సేతకాదమ్మీ." అప్పుడు ఏడ్చాడు. తమ్ముడి కోసం మా నాన్న ఏడవగా చూడటం అదే మొదటిసారి. అప్పటికి నా కోపమూ పోయింది. ఆ చేను గట్టు మీద ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం, మాంసం మీద ఈగలు ముసురుతున్నా లేవలేదు.

తిరుగు దారిలో నాన్న వాటా నా సంచిలో పెట్టాను, నా వాటా నా ఒళ్లో ఉంది. మిగతావాటిలాగే అదీ ఆకులో చుట్టి, వెదురు పేడుతో కట్టి ఉంది. చిన్నాన్నది అని పిన్ని చేతిలో పెడితే ఎవరికి తెలుస్తుంది? బగో దాటాక ఆ మాట నాన్నతో అన్నాను. నాన్న కిటికీలోంచి చూస్తూ వద్దన్నాడు. "నానొక అబద్దం ఆడినాను సాలు. నువ్వు రెండోది ఆడకు."

రంగూన్‌లో దిగాక మా ఇంటికి పోకుండా నేరుగా చిమిండైంగ్ వెళ్లాం. పట్టపగలు, బజారు రద్దీగా ఉంది. పిన్ని తలంటు పోసుకుని ఉంది. పెద్ద బొట్టు. పొయ్యి పక్కన అల్లం, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు కలిపి నూరిన ముద్ద గిన్నెలో సిద్ధంగా ఉంది. నన్ను చూడలేదు, నా చేతిలో పొట్లాన్నీ చూడలేదు. ముందు నడిచిన నాన్న ఖాళీ చేతుల్ని చూసింది. నాన్న వాటిని దాచుకోలేదు.

అప్పుడు అడిగింది. "ఎప్పుడు తెలిసినాది బావగారూ?"

"వానల ముందర."

"అట్లతద్దికి పిలిసినారు నన్ను. దీపాలకి పిలిసినారు. అక్క బొట్టెట్టినాది, గాజులేసినాది."

"మీ అక్కకి తెల్దు."

"మీకు తెలుసు గదా."

పిన్ని గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. నాన్న నేల మీద కూలబడ్డాడు. ఆవిడ ఆయన పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టింది. తర్వాత ఆ మసాలా గిన్నె మీద మూత పెట్టి నా చేతికిచ్చింది.

"నిన్న నూరీసినాను. ఉంచితే పాడైపోద్ది. నీ వాటాలో ఏసుకుని వొండుకో" అంది. "ఎల్లి అక్కని తీసుకురా. ఈ గాజులు అక్కే ఏసినాది, అక్కే తియ్యాల."

మా ఇల్లు నడిచే దూరమే. అమ్మ వాకిలి ఊడుస్తోంది. ఎలా చెప్పాలో తెలియక ఆ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆఖరికి, "చిన్నాన్నకి వాటా రాలేదమ్మా" అన్నాను.

అమ్మ చీపురు గోడకి ఆనించి, చెప్పులు వేసుకుంది.