దమయంతమ్మ ఆరు నిమిషాలు

అమెరికాలో మన జిల్లా పరిషత్తులాంటి కౌంటీ బోర్డుకి నెలకి రెండు మంగళవారాలు జరిగే మీటింగంటే దమయంతమ్మకి పేరంటం కంటే ఎక్కువ. చీర కుచ్చెళ్లు తడవకుండా మంచు బూట్లలోకి దోపుకుని వచ్చి, ముందు వరుసలో కూర్చుని, అజెండా కాగితం నిండా పెన్సిల్ గీతలు పెడుతుంది. ఆ వేళ పదకొండో అంశం దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. తనుండే, పెద్దవాళ్ల కోసం కట్టిన సీనియర్ అపార్ట్‌మెంట్ల ముందు బస్‌స్టాప్ ఎత్తేస్తారట! ఆ బస్సు పోతే డాక్టరుకీ, కూరలకీ ఎవరి కారు కోసమో కాచుకోవాలి. జనంలో ఒక్కొక్కరికీ మాట్లాడడానికి మూడే నిమిషాలు. తర్జుమా చేసేవాళ్లుంటే ఆరు. ఆవిడ మనవరాలు ప్రణవిని పక్కన నిలబెట్టుకుని తెలుగులో ఎత్తుకుంది. చైర్మన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "మేడమ్, పోయినసారి మంచినీళ్ల గొట్టాల గురించి మమ్మల్ని ఇంగ్లీషులోనే కదా దులిపేశారు?" ప్రణవి మొహం ఎర్రబడింది. "అమ్మమ్మా, ఆయనకి తెలిసిపోయింది." "తెలియనీవే! నా దగ్గరున్న ఇంగ్లీషు మూడు నిమిషాలకే సరిపోతుంది, బస్సు సంగతి అంతకంటే పొడుగని చెప్పు." ప్రణవి ఆ మాటే ఇంగ్లీషులో చెప్పేసరికి హాలంతా నవ్వింది. చైర్మన్ గడియారాన్ని ఆరు నిమిషాలకి తిప్పాడు. ఆవిడ ఆరూ వాడుకుంది. ఓటింగు పై మీటింగుకి వాయిదా పడింది. ఆ మీటింగులో మాట్లాడతానని చీటీ రాసిచ్చాకే ఆవిడ బయటికి నడిచింది.