అరచేత్తో తుడిచిన అంకెలు

తొంభైల చివర్లో మేడ్చల్ బస్టాండు పక్కన మాకు సీ లాంగ్వేజ్ నేర్పిన సారు, పదిని మూడుతో భాగించి బోర్డు చివరిదాకా మూడు మీద మూడు రాసేవారు. దశాంశ చుక్క తర్వాత రెండంకెలు ఉంచి, మిగతావి అరచేత్తో తుడిచేసేవారు.

"ప్రోగ్రాంల పాయింట్ టూ ఎఫ్ అని రాస్తే తెర మీద రెండే సూపెడ్తది. లోపలున్నయి ఏడికి పోవు," అనేవారు, చెయ్యి ప్యాంటుకు రాసుకుంటూ.

ఓ వేసవిలో ఆయన కుర్చీలోంచి లేవకుండానే పాఠం చెప్పారు. చొక్కా వదులైపోయింది.

"సిక్కిపోయిన్రు సార్, ఏమైంది?" అన్నాను.

"ఏం గాలె. ఎండలు గద," అని నవ్వారు. నేను వెంటనే నా ప్రోగ్రాం ముందు పెట్టాను.

తర్వాతి నెలలో ఆయన పోయారు. "ఏడాది సంది పాణం బాగలేదు, ఎవ్వలికీ సెప్పనియ్యలే," అన్నారు వాళ్లావిడ, అల్వాల్‌లోని వాళ్లింట్లో.

ఇప్పటికీ దశాంశాలను రెండంకెలకు కుదించినప్పుడల్లా ఆ సుద్ద అంటిన అరచెయ్యి కనిపిస్తుంది. లోపలున్నవి ఎక్కడికీ పోవని రోజూ చెప్పిన మనిషి నవ్వితే, నేను ఆ నవ్వు వరకే చూశాను.