పైవాటా ఆంటీ యుద్ధవిమానం

యాప్రాల్‌లో మా పైవాటా ఆంటీ భర్త పైలట్. యుద్ధవిమానం కూలి చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది ఆమె అచ్చం ఆ విమానంలాంటిదే, రిమోట్‌తో ఎగిరే పెద్ద నమూనా ఒకటి తెప్పించుకుంది. రెక్కలు తగిలిస్తే హాలంతా నిండిపోయేది. బిగిస్తూ బిగిస్తూ మధ్యలో రిమోట్ మీట కదిపి, "వింటున్నవా?" అని అడిగేది. తోక కదిలితేనే తర్వాతి స్క్రూ అందుకునేది. బొమ్మతో మాట్లాడే గొంతు కాదది. నాకు భయం వేసేది.

ఎగరేసే రోజు ఊరి బయట మైదానానికి నన్నూ తీసుకెళ్లింది. అక్కడ అన్నీ బిగించాక, ఆమె మీట ముట్టకుండానే తోక వణికింది.

"ఇవాళ వద్దు ఆంటీ," అన్నాను.

"ఏం కాదు బిడ్డా, గాలికి కదిలింది."

చుట్టూ ఆకు కూడా కదలడం లేదు.

విమానం సాఫీగానే లేచింది. రెండు చుట్లు తిరిగాక మాత్రం, ఆమె మీటలు ఎటు తిప్పినా లొంగకుండా నేరుగా గుట్టల మీదుగా వెళ్లిపోయింది. సాయంత్రం దాకా వెతికినా ముక్క కూడా దొరకలేదు.

ఇంటికొచ్చి నేను రిమోట్ ఆపబోతుంటే ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపకు బిడ్డా. ఇంకా ఎగురుతుండొచ్చు. ఆపితే కూలిపోతది."